రాజ్యాలు చేతులు మారినయి, వెట్టి మారలేదు

(నడిగడ్డలోని ఒక పల్లెలో, వాడ ముందు రచ్చకట్ట మీద జరిగిన అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరునే చాలావరకు ఉంచాం.)



ఈ పూట మతయుద్ధాల గురించి మాట్లాడుకుందాం. ఎక్కడో సముద్రాల అవతలి సంగతి కాదు. మనం ఇప్పుడు కూర్చున్న ఈ గడ్డ కోసం జరిగిన యుద్ధాల సంగతే. మనకు పైన కృష్ణ, కింద తుంగభద్ర. రెండేర్ల నడుమ ఉంది కాబట్టి మనవాళ్ళు దీన్ని నడిగడ్డ అన్నారు. పారసీ చదివినవాళ్ళు దోఆబ్ అన్నారు. మాట వేరు, మట్టి ఒకటే. ఇక్కణ్ణించి పడమటికి పోతే రాయచూరు కోట. ఇంకా పోతే ముద్గల్లు కోట. ఆ కోటల కోసం, వాటి చుట్టూ ఉన్న భూముల కోసం రెండు వందల ఏండ్లకు పైగా రాజులు కొట్టుకున్నారు.

ఆ పాత కొట్లాట ఇప్పుడెందుకు అని మీరు అడగొచ్చు. ఎందుకంటే అది మళ్ళీ మన వాడల్లోకి వస్తున్నది. ఫోన్లలో వస్తున్నది, మైకుల్లో వస్తున్నది. "తాళికోట కాడ తురకలు మన రాజ్యాన్ని కూల్చిండ్రు, మన హంపిని కాల్చిండ్రు, దానికి ఇప్పుడు బదులు తీర్చాలె" అని మన పిల్లలకు నూరిపోస్తున్నారు. మేం తిరిగే ఊళ్ళల్లో ఒక ఊళ్ళో పీర్ల పండుగ నాడు గొడవ లేచింది. కట్టె పట్టుకొని ముందు నిలబడ్డది మన వాడ పిల్లలు. కట్టె ఇచ్చినాయన ఇంట్లో పండుకున్నాడు. కేసు మన పిల్లల మీద పడ్డది. ఆ పిల్లల్లో ఒకడు మా దగ్గరికొచ్చి, "అన్నా, ఇంతకూ తాళికోట ఏడుంది?" అని అడిగిండు. ఆ పిల్లగాడికి చెప్పాల్సిన జవాబే ఇవాళ్టి ప్రసంగం.

"మన రాజ్యం" అంటున్నారు కదా. ఆ రాజ్యంలో మనం ఎక్కడున్నాం? ఈ ఒక్క ప్రశ్న చేతిలో పట్టుకొని చరిత్రలోకి నడుద్దాం.

గొడవ దేని మీద?

1336లో తుంగభద్ర దక్షిణపు ఒడ్డున హరిహరుడు, బుక్కడు అనే అన్నదమ్ములు విజయనగర రాజ్యం నిలబెట్టారు. 1347లో ఉత్తరాన గుల్బర్గా రాజధానిగా బహమనీ రాజ్యం లేచింది. బడి పుస్తకం మనకు ఒకదాన్ని హిందూ రాజ్యమనీ, ఇంకోదాన్ని ముస్లిం రాజ్యమనీ చెప్పి ఊరుకుంటుంది. కానీ బహమనీ రాజ్యం ఎట్ల పుట్టింది? ఢిల్లీ సుల్తాను మహమ్మద్ తుగ్లక్ మీద దక్కను సర్దార్లు తిరగబడితే పుట్టింది. తుగ్లక్ ముస్లిమే, తిరగబడ్డ సర్దార్లూ ముస్లింలే. మొదటి అడుగులోనే మతం లెక్క తప్పింది.

ఇద్దరికీ నడుమ ఈ నడిగడ్డ. నల్లరేగడి పండే నేల. గట్టి కోటలు. హట్టి బంగారు గనులు ఉన్నది కూడా ఈ దోఆబ్‌లోనే. దీన్ని పట్టుకున్నవాడికి ధాన్యం, బంగారం, శత్రువు ఇంటి గుమ్మం మూడూ దొరుకుతాయి. అందుకే రాయచూరు, ముద్గల్లు ఒకసారి వాళ్ళ చేతికి, ఒకసారి వీళ్ళ చేతికి మారుతూ వచ్చాయి.

యుద్ధాలు ఎట్ల మొదలయ్యేవో చూడండి. ఫెరిష్తా అనే ఆయన బిజాపూరు కొలువులో ఉండి, పదిహేడో శతాబ్దం మొదట్లో ఈ రాజుల చరిత్ర రాశాడు. ఆయన రాసిన ఒక సంగతి. బహమనీ సుల్తాను మొదటి మహమ్మద్ షా ఒకనాడు విందులో మత్తుగా ఉన్నాడు. మూడు వందల మంది పాటగాళ్ళు పాడారు. సుల్తానుకు సంబరమైంది. వీళ్ళకు ఇవ్వాల్సిన సొమ్ము విజయనగరం ఖజానా నుంచి ఇప్పించండి అని చీటీ రాయించాడు. బుక్కరాయలకు ఆ చీటీ అందింది. చీటీ తెచ్చినవాణ్ణి గాడిద మీద ఊరేగించి పంపాడు. నది దాటి ముద్గల్లు కోట పట్టి లోపలివాళ్ళను చంపించాడు. దానికి బదులుగా సుల్తాను లక్ష మందిని చంపేదాకా కత్తి ఒరలో పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్ళకు ఊళ్ళు కోసుకుంటూ పోయాడు. ఆఖరికి, ఇకమీదట యుద్ధంలో లేని జనాన్ని చంపొద్దు అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారట.

ఫెరిష్తా లెక్కల్లో అంకెలు పెంచి రాసి ఉండొచ్చు. కొలువులో ఉన్నవాళ్ళకు అది అలవాటు. కానీ సంగతి గమనించండి. పాటగాళ్ళ కూలి ఎవరివ్వాలె అన్న పంతం, ముద్గల్లు ఎవరిది అన్న పంతం. చచ్చింది మాత్రం ఆ పాట విననివాళ్ళు, ఆ చీటీ చూడనివాళ్ళు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగినట్టు.

1406లో ఇంకో యుద్ధం. ముద్గల్లు దగ్గర ఒక కంసాలి బిడ్డ మీద మొదటి దేవరాయలు మనసుపడి సైన్యాన్ని పంపాడని ఫెరిష్తానే రాశాడు. సైన్యం వచ్చేసరికి ఆ పిల్ల తల్లిదండ్రులతో వెళ్ళిపోయింది. ఉత్త చేతులతో పోలేక ఆ సైన్యం దారిలో ఊళ్ళను దోచింది. దాని మీద ఫిరోజ్ షా బహమనీ యుద్ధానికి వచ్చాడు. చివరికి ఏమైంది? దేవరాయలు తన బిడ్డనే ఫిరోజ్ షాకు ఇచ్చి పెండ్లి చేశాడు, బంకాపురం కోట కట్నంగా ఇచ్చాడు. రాజులు వియ్యం అందుకున్నారు. తగలబడ్డ ఊళ్ళకు ఏ కట్నమూ రాలేదు.

ఏ మతంవాడు ఏ పక్షాన?

మతయుద్ధం అంటే ఒక మతంవాళ్ళంతా ఒక పక్క, ఇంకో మతంవాళ్ళంతా ఒక పక్క నిలబడాలె కదా. అట్ల నిలబడ్డారా?

రెండో దేవరాయలు 1424 నుంచి 1446 దాకా ఏలాడు. బహమనీలు ఎందుకు గెలుస్తున్నారు అని ఆలోచించి, వాళ్ళకు మంచి గుర్రాలు, మంచి విలుకాండ్రు ఉన్నారని తెలుసుకున్నాడు. ముస్లిం సైనికులను కొలువులో పెట్టుకున్నాడు. వాళ్ళు వంగి దండం పెట్టడానికి వెనకాడకుండా తన గద్దె ముందు ఖురాన్ పెట్టించాడని చెప్తారు. 1439లో అహ్మద్ ఖాన్ అనే సేనాని విజయనగరంలో కట్టించిన మసీదు ఇవాళ్టికీ హంపిలో నిలబడి ఉంది. ఆ రాజులు పెట్టుకున్న బిరుదుల్లో "హిందూరాయ సురత్రాణ" ఒకటి. సురత్రాణ అంటే సుల్తాను అనే మాటకు సంస్కృతం వేషం. శత్రువు టోపీ బాగుందని తనూ పెట్టుకున్నాడన్నమాట.

మన తెలుగు గడ్డ మీద చూడండి. కొండవీటి రెడ్లు, రాచకొండ వెలమలు ఒకరినొకరు నరుక్కున్నారు. రాచకొండవాళ్ళు బహమనీలతో చేతులు కలిపారు. ఇద్దరూ గుళ్ళు కట్టించినవాళ్ళే.

ఇక కృష్ణదేవరాయలు. 1509లో గద్దెనెక్కాడు. ఆయన చేసిన అతి పెద్ద దండయాత్ర ఎవరి మీద? ఒరిస్సా గజపతి ప్రతాపరుద్రుడి మీద. రాయలు వైష్ణవుడు. గజపతి పూరీ జగన్నాథుడి సేవకుడు. 1513లో ఉదయగిరి ముట్టడి మొదలై ఏడాదికి పైగా సాగింది. 1515లో కొండవీడు పడింది. తర్వాత కొండపల్లి, రాజమహేంద్రవరం, సింహాచలం దాకా పోయాడు. ఉదయగిరి గుళ్ళో ఉన్న బాలకృష్ణుడి విగ్రహాన్ని పెకలించి విజయనగరం తీసుకుపోయి, 1515లో హంపిలో కృష్ణాలయం కట్టి పెట్టాడు. ఒక హిందూ రాజు ఇంకో హిందూ రాజు గుడి నుంచి దేవుణ్ణి పట్టుకుపోయాడు. యుద్ధంలో ఏనుగును పట్టుకుపోయినట్టే. దీన్ని ఏ మైకూ మతయుద్ధం అనదు. ఎందుకనదో మీరే ఆలోచించండి.

1520 మే నెలలో అదే రాయలు రాయచూరు కోట కోసం బిజాపూరు ఇస్మాయిల్ ఆదిల్‌షాతో తలపడ్డాడు. ఆ ముట్టడిలో రాయల పక్షాన తుపాకులు పేల్చినవాళ్ళు పోర్చుగీసు క్రైస్తవులు. గెలిచాక గుల్బర్గా దాకా పోయి, బందీలుగా ఉన్న బహమనీ రాకుమారుల్లో ఒకణ్ణి గద్దెనెక్కించాడు. అందుకు "యవనరాజ్య స్థాపనాచార్య" అని బిరుదు వేసుకున్నాడు. అంటే ముస్లిం రాజ్యాన్ని నిలబెట్టినవాడు అని. ఇవాళ ఆయన బొమ్మ పట్టుకొని ముస్లింల మీదికి ఉసిగొలిపేవాళ్ళకు ఈ బిరుదు సంగతి చెప్పి చూడండి.

అవతలి పక్క కూడా అంతే. బహమనీ కొలువులో ఇరాను నుంచి వచ్చిన పరదేశీలకు, ఇక్కడి దక్కనీలకు పడేది కాదు. మహమూద్ గవాన్ అనే గొప్ప మంత్రిని 1481లో దొంగ ఉత్తరం పుట్టించి సుల్తాను చేతనే చంపించారు. తర్వాత ఆ రాజ్యం అయిదు ముక్కలైంది: బిజాపూరు, అహ్మద్‌నగరు, బీరారు, బీదరు, గోల్కొండ. అహ్మద్‌నగరు వంశానికి మూలపురుషుడు మతం మారిన బ్రాహ్మడి కొడుకు. బీరారు మూలపురుషుడు విజయనగర సీమ నుంచి చిన్నప్పుడు బందీగా పోయిన కన్నడ హిందువుల బిడ్డ. ఈ అయిదుగురూ ఒకరి కోట మీద ఒకరు కన్నువేసి బతికారు.

తాళికోట

ఇప్పుడు ఆ పిల్లగాడు అడిగిన తాళికోటకు వద్దాం. అది మనకు దూరమేం కాదు. పడమటికి పోతే వస్తుంది.

రాయల అల్లుడు రామరాజు. అళియ రామరాయలు అంటారు. గద్దె మీద సదాశివరాయణ్ణి బొమ్మలాగా కూర్చోబెట్టి 1542 నుంచి పెత్తనమంతా తనే చేశాడు. ఈయన రాజనీతి ఒక్కటే. అయిదుగురు సుల్తానులను ఒకరి మీదికి ఒకర్ని ఎగదోయడం. ఒకసారి బిజాపూరుతో కలిసి అహ్మద్‌నగరు మీదికి పోయేవాడు. ఇంకోసారి అహ్మద్‌నగరుతో కలిసి బిజాపూరు మీదికి. పిల్లుల రొట్టె పంచిన కోతి వ్యవహారం.

గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా అన్నకు భయపడి పారిపోయి ఏడేండ్లు, 1543 నుంచి 1550 దాకా, ఎక్కడ తలదాచుకున్నాడు? రామరాజు పంచన, విజయనగరంలో. అక్కడే తెలుగు కవిత్వం రుచి తగిలింది. గద్దెనెక్కాక తెలుగు కవులను పోషించాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఈ ఇబ్రహీంకే అంకితమిచ్చాడు. బిజాపూరు అలీ ఆదిల్‌షా స్వయంగా విజయనగరం వచ్చి రామరాజును తండ్రీ అని పిలిచినవాడు. తాళికోటలో రామరాజుకు ఎదురు నిలిచింది వీళ్ళే. ఒకప్పటి అతిథి, ఒకప్పటి కొడుకు వరసవాడు.

వీళ్ళు ఎందుకు కలిశారు? రామరాజు సైన్యం అహ్మద్‌నగరు సీమలో మసీదులను అవమానించిందని ఫెరిష్తా రాశాడు. అది కారణం కాదని మేం అనం. కానీ ఒప్పందం ఎట్ల కుదిరిందో కూడా ఆయనే రాశాడు. అహ్మద్‌నగరు హుసేన్ నిజాంషా తన బిడ్డ చాంద్ బీబీని అలీ ఆదిల్‌షాకు ఇచ్చాడు. కట్నంగా షోలాపూరు కోట ఇచ్చాడు. అలీ చెల్లెల్ని నిజాంషా కొడుకు చేసుకున్నాడు. ఏండ్ల తరబడి వాళ్ళిద్దరి మధ్య కొట్లాట ఆ షోలాపూరు కోసమే. కోట గొడవ తీరాకనే మతం గుర్తొచ్చింది.

1565 జనవరిలో కృష్ణ ఒడ్డున యుద్ధం జరిగింది. రామరాజు అప్పటికి ముసలివాడు. దొరికిపోయాడు. నిజాంషా అతని తల నరికించాడు. అంతే, అంత పెద్ద సైన్యం చెదిరిపోయింది. రామరాజు తమ్ముడు తిరుమల నగరానికి ఉరికాడు. దేనికి? జనాన్ని కాపాడటానికి కాదు. ఖజానా ఏనుగుల మీదికి ఎక్కించి, బొమ్మరాజును వెంటబెట్టుకొని పెనుకొండకు పోయాడు. నగరంలో జనం మిగిలారు. కావలి లేదు, కోట తలుపు వేసేవాడు లేడు. నెలల తరబడి దోపిడి జరిగింది, ఇండ్లు, గుళ్ళు తగలబడ్డాయి. రెండేండ్ల తర్వాత 1567లో వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ అక్కడ ఖాళీ ఇండ్లు చూశాడు. పులులు తిరుగుతున్నాయని రాశాడు. రాజుల సొమ్ము రాళ్ళపాలు అన్న సామెతకు హంపికన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇంగ్లీషు అధికారి రాబర్ట్ సీవెల్ 1900లో ఈ నగరం గురించి పుస్తకం రాశాడు. సైన్యం రాకముందే నగరాన్ని దోచినవాళ్ళుగా ఆయన ఎవరి పేర్లు రాశాడో తెలుసా? లంబాడీలు, కురుబలు, బింజారీలు. రెండు వందల ముప్పై ఏండ్ల చరిత్రలో కొండల్లో, ఊరి బయట బతికినవాళ్ళ పేర్లు కనపడేది దొంగల జాబితాలోనా?

తర్వాత ఏమైంది?

మతం కోసం గెలిచినవాళ్ళయితే గెలిచాక కలిసి ఉండాలె కదా. 1574లో అహ్మద్‌నగరు బీరారును మింగింది. 1619లో బిజాపూరు బీదరును మింగింది. ఆ తర్వాత ఉత్తరాన్నుంచి మొగలులు వచ్చి, మొదట అహ్మద్‌నగరును, 1686లో బిజాపూరును మింగారు. 1687లో, ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, గోల్కొండను ఔరంగజేబు పట్టుకున్నాడు. పట్టినవాడు ముస్లిం, పడ్డవాడు ముస్లిం. గోల్కొండ తానీషా కొలువులో పెత్తనం చేసింది అక్కన్న, మాదన్న అనే బ్రాహ్మణ మంత్రులు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చి ఆ తానీషాతోనే పొత్తు కుదుర్చుకొని దక్షిణానికి పోయాడు. అక్కడ తంజావూరులో ఏలుతున్న సొంత తమ్ముడి వరసవాడితోనే ఆస్తి పంచాయతీ పెట్టుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, మతం లేదని కాదు. మతం ఉంది. సైనికుడు తన దేవుణ్ణి తలుచుకునే చచ్చాడు. గుళ్ళు కూలడం నిజం, మసీదులు అవమానం పాలవడం నిజం. దాన్ని దాచిపెడితే మనమూ అబద్ధాలకోర్లమే అవుతాం. కానీ మతం ఎప్పుడు జెండా అయింది, ఎప్పుడు చుట్టిపెట్టి మూలన పడేశారు అని చూస్తే, ప్రతిసారీ కోట, శిస్తు, గుర్రం, గని దగ్గర దారం ముడిపడి ఉంది.

ఆ రాజ్యంలో మనం ఎక్కడ?

ఇప్పుడు అసలు ప్రశ్న. మొదట గుర్రం సంగతి చెప్తాం. ఈ దక్కను గడ్డ మీద మంచి యుద్ధపు గుర్రం పుట్టదు. అరబ్బు దేశం నుంచి, ఇరాను నుంచి ఓడల్లో రావాలె. 1510లో గోవా పట్టుకున్నాక ఆ బేరం పోర్చుగీసు చేతికి పోయింది. ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి ఒక సంగతి రాశాడు. అంతకుముందు ఏలిన సాళువ నరసింహుడు గుర్రాలను బతికినా చచ్చినా కొనేవాడట. మూడు గుర్రాలు వెయ్యి వరహాలు. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికిన గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట.

చచ్చిన గుర్రం తోకకు వరహాలు. ఆ వరహాలు ఎవరివి? రైతు తన పంటలో పదింట తొమ్మిది వంతులు దొరకే కట్టాలని, వాడికి సొంత భూమి లేదని అదే నూనిజ్ రాశాడు. పరాయి దేశంవాడు పెంచి రాశాడనుకుందాం. సగం తగ్గించి చదువుకున్నా రైతుకు మిగిలేది ఎంత? ఇక రైతు కింద చేసేవాడికి మిగిలేది ఎంత?

డొమింగో పేస్ అనే ఇంకో పోర్చుగీసువాడు 1520 ప్రాంతంలో రాయల నగరం చూశాడు. రాయలు తవ్విస్తున్న చెరువు కాడ పదిహేను ఇరవై వేల మంది చీమల్లాగా పనిచేస్తున్నారని రాశాడు. ఆ కట్ట తెగింది. దేవుడు బలి కోరుతున్నాడని బ్రాహ్మలు చెప్పారట. అరవై మంది మనుషులను, కొన్ని గుర్రాలను, దున్నలను గుడి ముందు నరికించారని పేస్ రాశాడు. కట్టకు రాయి మోసినవాళ్ళ కులం ఆయన రాయలేదు. తలలు పోయినవాళ్ళ కులమూ రాయలేదు. మనం ఊహించి చెప్పం. ఒక్కటి మాత్రం అడుగుతాం. ఆ అరవై మందిలో ఎవరూ నాయంకరం అనుభవించే దొరలు అయి ఉండరు కదా?

యుద్ధం అనగానే కత్తి కనపడుతుంది. కత్తికి ఒర కావాలె. ఒర తోలుది. గుర్రానికి జీను, కళ్ళెం పట్టీలు తోలువి. డాలు తోలుది. సైన్యానికి నీళ్ళు మోసే తిత్తి తోలుది. కత్తి కాచే కొలిమి తిత్తి తోలుది. కాలికి చెప్పు తోలుది. సైన్యాన్ని నడిపే నగారా మీద బిగించింది తోలు. తోలు లేకుండా ఏ దేవుడి పేరు మీదా యుద్ధం జరగదు. ఆ తోలు ఊనినవాడు, కోసినవాడు, కుట్టినవాడు ఊరి బయట ఉన్నాడు. గుడికీ దూరం, కోటకూ దూరం.

విజయనగర సీమలో ఊరిపని చేసే పన్నెండు మందిని ఆయగాళ్ళు అన్నారు. కరణం, రెడ్డి, తలారి, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఇట్ల లెక్కపెట్టుకుంటూ పోతే అడుగున వెట్టివాడు, తోలు పనివాడు. నది దాటి బహమనీల దేశం పోండి. అక్కడా పన్నెండు మందే. వాళ్ళను బారా బలుతేదార్లు అన్నారు. అక్కడా అడుగున మాంగులు, మహార్లు. ఈ ఒడ్డున గంట మోగింది, ఆ ఒడ్డున అజాన్ వినపడింది. రెండు ఒడ్ల మీదా వెట్టి పిలుపు ఒకటే. రెండు వందల ఏండ్లు నరుక్కున్న ఈ ఇద్దరికీ కొట్లాట రాని సంగతి ఈ దేశంలో ఏదన్నా ఉందా అంటే అది ఇదే.

విజయనగరం పుట్టింది 1336లో అనుకున్నాం. దానికి రెండేండ్ల తర్వాత, 1338లో, పండరిపురం దగ్గర మంగళవేఢలో ఊరి ప్రాకారం గోడ కడుతుంటే కూలింది. వెట్టికి పట్టుకొచ్చిన మహార్లు దాని కింద నలిగిపోయారు. వాళ్ళల్లో ఒకడు చోఖామేళా. విఠలుడి మీద అభంగాలు పాడినవాడు. ఎముకల్లో విఠల నామం వినపడితే గుర్తుపట్టారని కథ చెప్తారు. పండరిపురంలో ఆయన సమాధి గుడి మెట్ల కాడ ఉంది. బతికినప్పుడు రానియ్యని గుడి, చచ్చాక కూడా మెట్టు దాటనివ్వలేదు. బాబాసాహెబ్ 1948లో అస్పృశ్యుల మీద రాసిన పుస్తకాన్ని నందనారుకు, రవిదాసుకు, ఈ చోఖామేళాకు అంకితమిచ్చాడు. రాజ్యాల గోడల కింద నలిగినవాడి పేరు మన పుస్తకం మొదటి పేజీలో ఉంది.

"అయితే తురక రాజులు మనకు మేలు చేసిండ్రా?" అని ఒక తమ్ముడు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. మేలు చేయడానికి వాళ్ళూ రాలేదు తమ్ముడూ. బీదరు సుల్తానులు తమకు యాభై రెండు హక్కులు రాసిచ్చారని మహార్లు చెప్పుకునేవాళ్ళు. బాబాసాహెబ్ ఆ పుస్తకంలోనే దాన్ని ప్రస్తావించి, అవి అంతకుముందు నుంచే ఉన్నవి, బీదరు రాజులు ఖాయం చేశారంతే అన్నాడు. హక్కులంటే ఏంది? చచ్చిన పశువు తోలు, కళ్ళం కాడ గింజలు, ఇంటింటా అడిగిన రొట్టె. వెట్టినే హక్కు అని పేరు పెట్టి రాసిచ్చారు. ఆ మహారు వతనును రద్దు చేయమని బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాల్సి వచ్చింది. గోల్కొండ వజ్రాల సంగతి చూడండి. మన కృష్ణ ఒడ్డునే కొల్లూరు గనిలో ఆడ, మగ, పిల్లలు కలిపి అరవై వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ రాశాడు. ఆ వజ్రాలు ఏ దేశపు కిరీటాల్లో ఉన్నాయో పుస్తకాల్లో ఉంది. వాటిని తవ్విన చేతుల పేర్లు ఎక్కడా లేవు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

ఒక పెద్దాయన అంటున్నాడు, "రాయలు తెలుగును నిలబెట్టిండు, ఆయన్ని తక్కువ చేయొద్దు" అని. తక్కువ చేయం పెద్దయ్యా. ఆయన రాసిన ఆముక్తమాల్యదలోనే మాలదాసరి కథ ఉంది. రోజూ తెల్లవారక ముందే అంత దూరం నడిచి గుడి కాడికి పోయి పాడతాడు ఆ దాసరి. దారిలో బ్రహ్మరాక్షసుడు తింటానంటే, పాట పాడి వస్తా, తర్వాత తిను అని మాటిచ్చి, మాట తప్పకుండా తిరిగొస్తాడు. ఆఖరికి ఆ రాక్షసుడే దాసరి కాళ్ళ మీద పడి, నీ పాట పుణ్యం ఇవ్వమని అడుక్కుంటాడు. కథ ఎంత గొప్పది! రాక్షసుడు మారాడు. కానీ దాసరి పాడింది గుడి బయటనే. అంత పెద్ద చక్రవర్తి, తన సొంత కావ్యంలో కూడా ఆ తలుపు తెరవలేకపోయాడు. అది రాయల ఒక్కడి తప్పు కాదు. రాజ్యమంటే అదే.

ఏం చేయాలె?

రాజులు అట్ల ఉంటే జనం ఎట్ల ఉన్నారు? ఆలంపురం పోయి చూడండి. జోగులాంబ గుడి దగ్గరే దర్గా ఉంది. మన అవ్వలు రెండు చోట్లా మొక్కి వచ్చేవాళ్ళే. పీర్లు లేస్తే డప్పు కొట్టింది ఎవరు? మనమే. అలావ్ చుట్టూ ఆడింది ఎవరు? అందరం. కోటల్లో లేని సంగతి ఇది. ఊరి మీద రాజుల కొట్లాట ఎంత పడ్డా, కింద జనం ఇది కాపాడుకొచ్చారు. ఇవాళ పీర్ల సావడి కాడ కట్టె పట్టించి చెడగొట్టాలని చూస్తున్నది దీన్నే.

పల్నాటి యుద్ధంలో చచ్చినవాళ్ళను కారెంపూడిలో ఏటా తలుచుకుంటారు. అందులో మాల కన్నమదాసు పేరుంది. తాళికోటలో చచ్చిన మనవాళ్ళ పేరు ఒక్కటి లేదు. పేరు లేని చావుకు ఇంకోసారి మన పిల్లలను పంపాలా?

అందుకే కార్యకర్తలకు మేం చెప్పేది. ఎవరన్నా పాత యుద్ధం మోసుకొని మీ వాడకొస్తే తరిమేయకండి. కూర్చోబెట్టండి. నీళ్ళివ్వండి. మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఆ యుద్ధం ముందు ఈ భూమి ఎవరి పేర ఉంది, తర్వాత ఎవరి పేర పోయింది, నడుమ మా పేర ఎప్పుడన్నా వచ్చిందా? రెండు, ఆ రాజ్యంలో మా తాత గుళ్ళోకి పోయాడా? మూడు, ఇప్పుడు కొట్లాట అయితే కేసు ఎవరి మీద పడుతుంది, బెయిలుకు డబ్బులు ఎవరు కడతారు?

ఈ దేశంలో వెట్టి నేరమని 1976లో చట్టం వచ్చింది. అంటరానితనాన్ని రద్దు చేస్తూ 1950లో రాజ్యాంగం వచ్చింది. ఏ రాజూ ఇవ్వని మాట అది. దాన్ని కత్తితో గెలవలేదు, కలంతో, కదిలిన జనంతో గెలిచాం. ఆ కాగితం మీది మాట ఇంకా మన వాడ దాకా నడిచి రాలేదు. దాన్ని నడిపించి తెచ్చే పని ఉంది. బంజరు పట్టాల పని ఉంది, స్మశానానికి దారి పని ఉంది, హాస్టలు పిల్లల బియ్యం పని ఉంది. మన పని ఇంత ఉండగా రామరాజు బాకీ, నిజాంషా బాకీ మనం ఎందుకు తీర్చాలె?

ఆ పిల్లగాడు ఈ సభలోనే ఉన్నాడు. తమ్ముడూ, తాళికోట మనకు పడమటికి ఉంది. నీ మీద కేసు వాయిదా సోమవారం. తాళికోట కాడికి నీతో ఏ రాజూ రాలేదు. కోర్టు కాడికి మేమందరం వస్తాం.

జై భీమ్.